సాయంత్రం ఏడున్నరకి ఏం చేయాలి: దుఃఖం, క్వార్టర్ సీసా, మన మీద మనకు దయ

అడిగింది క్లుప్తంగా ఇదీ: “నాన్న పోయి రెండేళ్లయింది. చివరి చూపుకి అందలేకపోయాను. అప్పట్నుంచి రాత్రి క్వార్టర్ పడకపోతే నిద్ర రావట్లేదు. మూడుసార్లు ఒట్టు పెట్టుకున్నా, మూడుసార్లూ తప్పా. నా మీద నాకే అసహ్యంగా ఉంది. నీ మీద నువ్వు కాస్త దయ చూపించుకో అని ఒకరు అన్నారు. అంటే నన్ను నేను వెనకేసుకురావడమే కదా? అసలు దయ చూపించుకోవడం అంటే ఏం చేయాలి?”

వెనకేసుకురావడం కాదు. అయితే మీ అనుమానం మాత్రం న్యాయమైనదే, ఆ మాటని తమని తాము వెనకేసుకురావడానికే వాడుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. తేడా ఎక్కడుందో చెప్తాను. దానికంటే ముందు ఒంటి సంగతి చూడాలి. ఒళ్లు మందుకి అలవాటుపడిపోయి ఉంటే మనసుకి చేసే ఏ సాధనా నిలవదు, పైగా ప్రమాదం.

లెక్క వేద్దాం. క్వార్టర్ అంటే 180 మి.లీ. మన దగ్గర అమ్మే విస్కీ, బ్రాందీల్లో ఆల్కహాల్ 42.8 శాతం. ఆ సీసాలో దాదాపు 60 గ్రాముల అసలు ఆల్కహాల్ ఉంటుంది. పది గ్రాములు ఒక డ్రింకు అనే లెక్కన రోజుకి ఆరు. “ఒక్క క్వార్టరే కదా” అన్నప్పుడు ఈ ఆరు కనపడదు. బీరుకి మారితే తగ్గినట్టే అనుకునేవాళ్ల కోసం: 650 మి.లీ. స్ట్రాంగ్ బీరు, 8 శాతం అయితే, ఒక్క సీసాయే నాలుగు డ్రింకులు.

పొద్దున లేవగానే చేతులు వణుకుతున్నాయా? టీ గ్లాసు పట్టుకుంటే తొణుకుతోందా? చెమటలు పట్టి, కడుపులో తిప్పి, ఒక పెగ్గు పడగానే అన్నీ సర్దుకుంటున్నాయా? ఇదివరకు మానినప్పుడు ఫిట్స్ రావడం గానీ, లేని మనుషులు కనిపించడం గానీ జరిగిందా? వీటిలో ఏ ఒక్కదానికి అవునన్నా “రేపట్నుంచి బంద్” అని ఇంట్లో ఒక్కరే కూర్చుని మానేయకండి. చివరి పెగ్గు తర్వాత ఆరు నుంచి ఎనిమిది గంటల్లో వణుకు మొదలవుతుంది. ఫిట్స్ వచ్చేదుంటే ఎక్కువగా మొదటి రెండు రోజుల్లో వస్తాయి. మతి చెదిరి, పగలో రాత్రో తెలియక, గోడ మీద పురుగులు పాకుతున్నాయనే స్థితి రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య వస్తుంది. ఈ చివరిది ప్రాణం తీయగలదు. సైకియాట్రిస్టు దగ్గరకి వెళ్తే కొన్ని రోజులకి సరిపడా మాత్రలిచ్చి, డోసు రోజురోజుకీ తగ్గిస్తూ దించుతారు. దాంతోపాటు బి1 విటమిన్, అంటే థయమిన్, ఇస్తారు.

ఇక్కడ మన ఊళ్లలో జరిగే పొరపాట్లు మూడు చెప్పాలి. అయ్యప్ప మాల వేసుకున్న రెండో మూడో రోజున మనిషి వణికిపోతూ ఏదేదో మాట్లాడితే స్వామి ఆగ్రహమనో, గాలి సోకిందనో తాయెత్తు కడతారు. అది మందు ఒక్కసారిగా ఆపడం వల్ల వచ్చిన మతిభ్రమ, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. రెండోది, నీరసంగా ఉన్నాడని ఆర్ఎంపీ దగ్గర గ్లూకోజ్ సెలైన్ ఎక్కించడం. చాలాకాలం తాగినవాళ్ల ఒంట్లో బి1 అడుగంటి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకి శాశ్వతంగా దెబ్బ తగలొచ్చు. మూడోది, తాగేవాడికి తెలియకుండా కాఫీలోనో సాంబారులోనో డైసల్ఫిరామ్ మాత్ర, అంటే తాగుడు మాన్పించడానికి డాక్టర్లు రాసే మాత్ర, కలపడం. దాని మీద మందు పడితే ముఖం ఎర్రబారి, గుండె దడ పుట్టి, బీపీ పడిపోయి మనిషి పోయే ప్రమాదం ఉంది. మాత్ర ఆపాక కూడా రెండు వారాల దాకా ఆ ప్రభావం ఉంటుంది. మీ ఇంట్లో ఎవరైనా ఈ ఆలోచనలో ఉంటే ఈ ముక్క చదివించండి.

కల్లు కదా, పర్లేదు అనేవాళ్లకి ఒక మాట. తెలంగాణలో చాలాచోట్ల కల్తీ కల్లులో అల్‌ప్రాజోలం, డైజిపామ్ లాంటి మత్తు మాత్రల మందులు కలుస్తున్నాయి, ఒళ్లు వాటికీ అలవాటుపడిపోతుంది. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతపడగానే ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి జనం బారులు తీరింది అందుకే. దాన్ని ఆపడానికి కూడా డాక్టరు పర్యవేక్షణ కావాలి.

సరే, ఇప్పుడు మీ ప్రశ్న.

దయ అనే మాట మెత్తగా వినపడుతుంది గానీ మనస్తత్వశాస్త్రంలో దానికి గట్టి నిర్వచనమే ఉంది. టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టిన్ నెఫ్ 2003లో దాన్ని మూడు ముక్కలుగా చెప్పారు. బాధని పెంచకుండా, దాచకుండా ఉన్నది ఉన్నట్టు గుర్తించడం. ఇది నా ఒక్కడికే పట్టిన శని కాదు, మనుషులకి వచ్చేదే అని ఎరగడం. ఆ సమయంలో మనతో మనం మంచిగా మసలుకోవడం. మూడూ కలిసి ఉండాలి. మొదటిది తీసేస్తే “నాకేమైంది, లిమిట్‌లోనే ఉన్నా” అవుతుంది, మీరు భయపడుతున్న వెనకేసుకురావడం అదే. రెండోది తీసేస్తే “నాకే ఎందుకిలా” అనే ఏడుపు అవుతుంది. ఏది నడుస్తోందో మీకు మీరు తెలుసుకోవాలంటే, ఆ మాట అనుకున్నాక వచ్చే పావుగంటలో మీ చేతులు ఏం పని చేశాయో చూసుకోండి. “పాపం, ఎంత కష్టపడ్డానో” అనుకున్నాక చేయి బండి తాళం వెతికితే అది దయ కాదు.

తిట్టుకుంటేనే బుద్ధొస్తుందని మనందరికీ చిన్నప్పుడే నూరిపోశారు. మందు విషయంలో అది తలకిందులుగా పనిచేస్తుంది. ఒట్టు పెట్టుకున్న మనిషి పన్నెండో రోజున ఒక పెగ్గు వేశాడనుకోండి. ఆ పెగ్గు వల్ల జరిగే నష్టం కొంతే. “ఛీ, నా బతుకింతే, దేవుడి ముందు చేసిన ప్రమాణం కూడా నిలబెట్టుకోలేను” అనే మాట వచ్చాక మొదలవుతుంది అసలు నష్టం. సిగ్గు కూడా బాధే, బాధకి మీకు తెలిసిన మందు ఒక్కటే. దాంతో పెగ్గు క్వార్టరవుతుంది, క్వార్టర్ మూడు రోజులవుతుంది. నిండా మునిగినవాడికి చలేమిటి అనే సామెత ఈ స్థితికి అచ్చంగా సరిపోతుంది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో అలన్ మార్లాట్ ఈ జారుడుని వివరంగా పరిశీలించారు. ఒక్కసారి తప్పటం పూర్తిగా పడిపోవడంగా మారేది ఎక్కువగా ఆ తప్పుకి మనిషి తనకి తాను చెప్పుకునే కారణం వల్లేనని ఆయన తేల్చారు.

“మరి దయ చూపిస్తే బద్ధకం రాదా?” అంటారేమో. 2012లో బర్క్‌లీలో జూలియానా బ్రైన్స్, సెరీనా చెన్ విద్యార్థులకి కావాలని కష్టమైన పరీక్ష పెట్టారు. అది పాడుచేసుకున్నాక తమ పట్ల తాము దయగా ఆలోచించమని చెప్పిన గుంపు, రెండో పరీక్షకి మిగతావాళ్లకంటే ఎక్కువసేపు చదివింది. తప్పుని చూడటానికి భయం లేనప్పుడే దాన్ని దిద్దుకునే ఓపిక వస్తుంది.

నిద్ర గురించి కూడా తెలుసుకోవాలి. మందు మెదడులో బ్రేకులాంటి రసాయనం ప్రభావాన్ని పెంచి, యాక్సిలరేటర్‌లాంటిదాన్ని అణుస్తుంది, అందుకే పదకొండుకి పడుకోగానే నిద్ర పడుతుంది. మత్తు దిగేసరికి అణిచినదంతా ఎగదన్నుతుంది. రాత్రి రెండు, మూడు గంటలకి గుండె దడతో మెలకువ, ఆ చీకట్లో నాన్న గుర్తు రావడం, ఇక నిద్ర లేకపోవడం ఇందువల్లే. ఆ దడని మీరు దుఃఖం అనుకుంటున్నారు. అందులో సగం నిన్నటి క్వార్టర్. మానిన మొదటి రెండు మూడు వారాలు నిద్ర ఇంకా చెడుతుంది, పీడకలలొస్తాయి. ఇది ముందే తెలియకపోతే “మందు లేకపోతే నాకు నిద్రే లేదు” అన్నది రుజువైపోయినట్టు అనిపించి మళ్లీ మొదలుపెడతారు.

ఇప్పుడు ఏం చేయాలో చూద్దాం. తాగాలనే కోరిక రోజంతా ఒకేలా ఉండదు, దానికో వేళ ఉంటుంది. చాలామందికి ఆఫీసు నుంచి వచ్చే దారిలో, వైన్ షాపు దగ్గర బండి దానంతటదే స్లో అయ్యే ఆ ఏడు, ఏడున్నర ప్రాంతం. కాబట్టి సాధన పొద్దున పూజగదిలో కాదు, ఆ వేళకి పెట్టుకోవాలి. దారి మార్చండి, పది నిమిషాలు ఎక్కువైనా సరే. ఆరున్నరకల్లా ఏదైనా కడుపునిండా తినండి. ఆకలికీ తాగాలనే కోరికకీ ఒళ్లు తేడా చెప్పలేదు. వేయించిన పల్లీలు, మిక్చర్ లాంటివి మాత్రం వద్దు, నాలుకకి అవి గ్లాసుని గుర్తుచేస్తాయి. పెరుగన్నం, ఇడ్లీ, అరటిపండు మేలు. పెరుగన్నం తిన్నాక మందు మీదకి మనసు పోవడం కష్టం, ప్రయత్నించి చూడండి.

ఏడున్నరకి కుర్చీలో కూర్చుని పాదాలు రెండూ నేలకి ఆనించండి. కళ్లు మూసుకోవాల్సిన పని లేదు. నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. మధ్యలో ఊపిరి బిగబట్టొద్దు. నిమిషానికి ఆరు శ్వాసలు, ఐదు నిమిషాలు. వదిలేటప్పుడు గుండె వేగం తగ్గుతుంది కాబట్టే వదిలే లెక్క పొడుగు పెట్టాం.

తర్వాత బాధకి పేరు పెట్టండి, పైకి అనండి. “తాగాలని ఉంది” అనేది పైపొర. దాని కింద ఏముందో చూడండి: ఆకలా, కోపమా, ఒంటరితనమా, అలసటా, దిగులా? ఒంట్లో ఎక్కడుందో కూడా చెప్పండి. “గొంతులో ఉండ కట్టినట్టుంది. నాన్న గుర్తొచ్చాడు.” అంతే, దానికి కారణాలు తవ్వొద్దు.

రెండో మాట, ఈ దుఃఖంలో మీరు ఒక్కరే లేరన్నది. ఇది ఓదార్పు కోసం కల్పించుకునేది కాకూడదు, నిజంగా ఉన్న మనుషులు గుర్తుకు రావాలి. దుబాయిలోనో మస్కట్‌లోనో ఉండి తండ్రి అంత్యక్రియలు ఫోన్‌లో చూసిన కొడుకులు మన జిల్లాల్లో ఎంతమంది లేరు? కోవిడ్ రోజుల్లో ఆస్పత్రి గేటు బయటే నిలబడిపోయినవాళ్లు? “చివరి చూపుకి అందనివాళ్లలో నేనూ ఒకణ్ణి” అని పైకి అనండి.

మూడో మాట దగ్గరే ఎక్కువమంది తడబడతారు. “నేను నన్ను ప్రేమిస్తున్నాను” లాంటి వాక్యాలు తెలుగు నోటికి అతకవు, మనసు వెంటనే ఎగతాళి చేస్తుంది. మీ ఇంట్లో మిమ్మల్ని ముద్దుగా ఎలా పిలిచేవారో ఆ పిలుపు, మీ ఊరి యాస వాడండి. మీ తమ్ముడే ఇదే కష్టంలో మీ ఎదురుగా కూర్చుంటే ఏమంటారు? “ఒరేయ్ చిన్నా, ఆ రోజు బస్సు దొరక్కే రాలేకపోయావురా. కావాలని చేసింది కాదు. లే, కాసిని మంచినీళ్లు తాగు.” ఇలా ఉండాలి. పొగడ్త అక్కర్లేదు, అబద్ధం అసలొద్దు. చివర ఒక చిన్న పని ఉండాలి. గుండె మీద చేయి వేసుకోమని చాలాచోట్ల చెప్తారు. అది నాటకంలా అనిపిస్తే వేడినీళ్ల గ్లాసుని రెండు చేతుల్తో పట్టుకోండి, ఆ వెచ్చదనం చాలు.

ఇంత చేసినా కోరిక పోదు. పోవాలని చేయొద్దు కూడా. చాలామంది మూడు రోజులు చేసి “పనిచేయలేదు” అని వదిలేసేది ఇక్కడే. ఈ సాధన కోరికని ఆర్పదు, అది వచ్చి వెళ్లేదాకా మీ పక్కన ఎవరో కూర్చున్నట్టు చేస్తుంది. కోరిక అలలాంటిది, పెరిగి, శిఖరానికి చేరి, మామూలుగా ఇరవై ముప్ఫై నిమిషాల్లో దిగుతుంది. ఐదేసి నిమిషాలకోసారి సున్నా నుంచి పదిలో ఎంతుందో ఫోన్‌లో రాసుకోండి. 6, 8, 9, 7, 4. ఇలాంటి వరస వారం రోజులు మీ చేత్తో మీరు రాసుకుని చూస్తే, తొమ్మిది దగ్గర ఉన్నప్పుడు ఇది దిగేదేనని నమ్మకం కుదురుతుంది. ఆ అరగంట చేతులకి పని ఉండాలి: స్నానం, అంట్లు, పిల్లల హోంవర్కు, బట్టల ఇస్త్రీ. టీవీ అంత పనిచేయదు, చేతులు ఖాళీగా ఉంటాయి.

మొదటి రోజుల్లో బాధ తగ్గకపోగా పెరగొచ్చు. ఎప్పుడూ ఏడవనివాళ్లు వెక్కివెక్కి ఏడుస్తారు. మూసి ఉన్న గదిలో నిప్పు అణిగి ఉండి, తలుపు తీయగానే గాలి తగిలి భగ్గుమంటుందే, అలాంటిది. ఈ పోలిక నెఫ్‌తో కలిసి పనిచేసిన క్రిస్టఫర్ జెర్మర్‌ది. సాధన చెడినట్టు కాదు. కానీ ఊపిరాడనట్టుంటే ఆపేయండి. కళ్లు బాగా తెరిచి, అరికాళ్లు నేలకి నొక్కి, గదిలో కనపడే ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పండి. మర్నాడు ఐదు నిమిషాల బదులు రెండే చేయండి. చిన్నప్పుడు దెబ్బలు, లైంగిక హింస లాంటివి అనుభవించినవాళ్లు దీన్ని ఒంటరిగా మొదలుపెట్టడం నేను సిఫారసు చేయను, సైకాలజిస్టు దగ్గర చేయాలి.

నాన్న విషయంలో మీకున్నది దుఃఖం ఒక్కటే కాదు, అపరాధభావం కూడా. దానికి ఉత్తరం పనిచేస్తుంది. ఆదివారం పగటిపూట, ఇరవై నిమిషాలు అలారం పెట్టుకుని, ఆయనకి కాగితం మీద రాయండి. ఆ రోజు ఎక్కడున్నారు, కబురు ఎన్నింటికి అందింది, ఎందుకు రాలేకపోయారు, ఏం చెప్పాలనుకున్నారు. అలారం మోగగానే వాక్యం మధ్యలో ఉన్నా ఆపి, లేచి బయట నడవండి. వచ్చే ఆదివారం ఆయన మీకు రాసినట్టుగా జవాబు రాయండి. రాత్రిపూట మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. రాత్రి రాసినవి ఎక్కువగా సీసా దగ్గరే తేలతాయి. సంవత్సరీకం రోజు ప్రమాదకరమైన రోజు, ముందే రాసిపెట్టుకోండి: ఆ రాత్రి ఎవరి ఇంట్లో పడుకుంటారు, ఎనిమిదింటికి ఎవరికి ఫోన్ చేస్తారు. చుట్టాలు పోగయ్యి “ఒక్కటి వెయ్‌రా, బాధ తగ్గుద్ది” అనేది ఆ రోజే.

మాల గురించి ఇంకో మాట. 41 రోజులు ఆగగలిగినవాళ్లు మాల తీసిన రోజే తాగడం అందరికీ తెలిసిందే. దాన్ని వేషమని కొట్టిపారేయడం తప్పు. ఆ 41 రోజులూ వేళకి తిండి, చన్నీటి స్నానం, సాయంత్రం పదిమందితో భజన, “స్వామీ” అని గౌరవంగా పిలిచే జనం ఉన్నారు. ఎవరూ ఛీకొట్టలేదు. మాలతోపాటు అవన్నీ ఒకేరోజు పోయాయి. ఏవి మిగుల్చుకోగలరో నలభయ్యో రోజుకి ముందే ఆలోచించాలి.

తప్పినప్పుడు ఏం చేయాలి? తప్పుతారు అనుకునే ఏర్పాటు చేసుకోండి. పొద్దున లేవగానే, పళ్లు తోముకోకముందే, మూడు వాక్యాలు రాయండి: నిన్న ఎంత తాగాను, ఏ గంటకి, దానికి ముందు ఏం జరిగింది. “180 మి.లీ., ఎనిమిదిన్నరకి. మధ్యాహ్నం తినలేదు, మేనేజరు అందరి ముందూ అరిచాడు.” విశేషణాలు వద్దు, వెధవ, చవట లాంటి మాటలు రాస్తే కొట్టేసి మళ్లీ రాయండి. ఆ కాగితం చూసి ఈరోజు మార్చుకోవాల్సింది ఒక్కటే ఎంచుకోండి, మధ్యాహ్నం భోజనం. కొత్త ఒట్టు పెట్టుకోవద్దు. నిన్న తాగినందుకు ఇంట్లో ఎవరినైనా బాధపెట్టి ఉంటే ఒక్క వాక్యంలో క్షమాపణ చెప్పండి, కాళ్ల మీద పడే సీన్లొద్దు. దయ అంటే బాకీ ఎగ్గొట్టడం కాదు కదా.

ఇంట్లోవాళ్లకి చెప్పాల్సింది తక్కువే. తాగి ఉన్నప్పుడు ఏ చర్చా వద్దు. పొద్దున పదింటికి మాట్లాడండి. డబ్బు చేతికివ్వకపోవడం, అబద్ధం చెప్పి ఆఫీసుకి లీవు పెట్టకపోవడం కఠినత్వం కాదు. పిల్లల ముందు పరువు తీయడం మాత్రం సీసాకి సాయం చేయడమే.

ఇవన్నీ చేసినా రెండు మూడు వారాలుగా దేని మీదా ఆసక్తి లేకపోతే, తిండి సయించకపోతే, అది డిప్రెషన్ కావచ్చు, దానికి వేరే మందులున్నాయి. తాగాలనే కోరికని తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటివి కూడా ఉన్నాయి, డాక్టరు లివరు, కిడ్నీ పరీక్షలు చూసి ఇస్తారు. నిద్ర కోసం మెడికల్ షాపులో అల్‌ప్రాజోలం అడిగి తెచ్చుకోవద్దు, తాగిన ఆల్కహాల్‌తో అది కలిస్తే ఊపిరి ఆగొచ్చు. చచ్చిపోవాలనే ఆలోచన వస్తే ఆ క్షణంలో సాధన గీధన పక్కనపెట్టి టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మందు మానడానికి సలహా కోసం 14446. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉన్నాయి. తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసి కూర్చుని మాట్లాడుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులకి రుసుము లేదు, ఇంటిపేరు అడగరు.

డాక్టరు ముందు కూర్చోగానే నోరు పెగలదు, లేదా క్వార్టర్ సగానికి సగమై బయటికొస్తుంది. అందుకని చీటీ మీద రాసుకెళ్లి చేతికివ్వండి: “రోజుకి 180 మి.లీ. విస్కీ, రెండేళ్లుగా. చివరగా తాగింది నిన్న రాత్రి పదింటికి. పొద్దున వణుకు ఉంది లేదా లేదు. ఫిట్స్ ఎప్పుడూ రాలేదు లేదా ఫలానా నెలలో వచ్చాయి. వాడుతున్న మాత్రలు ఇవీ. నాన్న పోయినప్పట్నుంచి నిద్ర లేదు.”